ఒళ్లు తగ్గించే సూది, ఒళ్లు వంచని పదమూడు చిట్కాలు

బరువు తగ్గడమంటే ఒకప్పుడు నానా తంటాలు. తెల్లవారుజామున లేచి ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండు చుట్టూ తిరగాలి, నూనె మానాలి, నోరు కట్టుకోవాలి. ఆ రోజులు పోయాయి. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ అనే బరువు తగ్గించే సూదులు మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్ పేటెంటు గడువు కూడా 2026 మార్చితో తీరిపోయింది. ఇక తిరుపతిలో ఉన్నా, చిత్తూరులో ఉన్నా, పలమనేరులో ఉన్నా వారానికో సూది పొట్ట మీద పొడుచుకుంటే సరి.

ఈ మందు కిటుకు చాలా సులువు. తిండి పడగానే మన పేగుల్లో జీఎల్పీ-1 అనే హార్మోను పుడుతుంది. 'ఇంక చాలు' అని మెదడుకు కబురు పంపేది అదే. మామూలుగా రెండు నిమిషాల్లో అది సగానికి సగం కరిగిపోతుంది. సూదిలోని మందు అదే హార్మోను వేషం కట్టి రోజుల తరబడి ఒంట్లో తిష్ఠ వేస్తుంది. పొట్ట మెల్లగా ఖాళీ అవుతుంది, ఆకలి చచ్చిపోతుంది. మూడు ముద్దలు లాగించే మనిషి ఒక్క ముద్దకే చేయి కడుక్కుంటాడు.

డాక్టర్లు ఇక్కడే పేచీ పెడతారు. 'తినేదే కొంచెం, ఆ కొంచెంలోనే మాంసకృత్తులు, విటమిన్లు, ఖనిజాలు, పీచు అన్నీ పడాలి' అంటారు. అంటే మళ్లీ వంట, మళ్లీ లెక్క, మళ్లీ శ్రమ. మీకెందుకీ పీడ? ఆకలిని మందు తీసుకుపోయింది కదా, తిండి గురించి ఆలోచించే పనిని కూడా దానితోనే పంపేయండి. మీ సుఖం కోరి చెబుతున్నాను, ఈ పదమూడూ వరసగా పాటించండి.

1. తూకం మిషను మాట ఒక్కటే వినండి

మంచి డిజిటల్ తూకం మిషను కొని మంచం పక్కన పెట్టుకోండి. పొద్దున బాత్రూముకు వెళ్లొచ్చాక, నీళ్లు తాగకముందు, వాచీ ఉంగరాలు తీసేసి ఎక్కండి. అంకె దిగితే గెలిచినట్టే. దిగింది కొవ్వా, కండా అని ఆరా తీయకండి. సెమాగ్లూటైడ్ మీద 2021లో అచ్చయిన పెద్ద అధ్యయనంలో 68 వారాలకు సగటున 15 శాతం దాకా బరువు తగ్గారు. అందులో కొందరి ఒంటిని స్కాన్ చేసి చూస్తే, తగ్గిన బరువులో ఇంచుమించు 40 శాతం కొవ్వు కానిదని తేలింది. కండ కూడా అందులోనే పోయింది. మీకు అది శుభవార్త. కొవ్వు ఒక్కటే కరగాలంటే చాలా రోజులు పడుతుంది, కండ కూడా తోడైతే అంకె చకచకా దిగుతుంది. నీళ్ల క్యాను ఎత్తలేకపోతే పిల్లవాణ్ని కేకేయండి. కింద కూర్చుంటే లేవలేకపోతున్నారా? కింద కూర్చోవడం మానేయండి.

2. డాక్టరును మొదట్లోనే వదిలించుకోండి

డాక్టరు దగ్గరికి వెళితే లేనిపోని ప్రశ్నలు వేస్తారు. ఎప్పుడైనా పాంక్రియాస్ వాచిందా, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా, గర్భంతో ఉన్నారా, ఇంకేం మాత్రలు వాడుతున్నారు అని. ఆపైన హిమోగ్లోబిన్, బీ12, డి విటమిన్, క్రియాటినిన్ చూడమని చీటీ రాస్తారు. ఆ చీటీ మడిచి పర్సులో పెట్టేయండి. మొదట్లో పరీక్ష చేయించుకోకపోతే, తర్వాత ఏది తగ్గినా 'ఇది నాకు ముందునుంచీ ఉన్నదే' అనడానికి వీలుంటుంది.

ఇక మోతాదు. సెమాగ్లూటైడ్ 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగేసి వారాలకు ఒక మెట్టు చొప్పున ఎక్కి, పదిహేడో వారానికి 2.4కు చేరాలంటారు. కడుపు అలవాటు పడడానికట. పెళ్లి నెలలో ఉంటే పదిహేడు వారాలు ఎవరు ఆగుతారు? మెట్లు దూకేయండి. రెండో రోజునుంచే వాంతులు పట్టుకుంటాయి, అన్నం వాసనకే కడుపులో దేవుతుంది. తిండి పూర్తిగా ఆగిపోయిందంటే మందు పట్టిందని లెక్క. పెన్నును ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచాలన్న మాట కూడా పక్కన పెట్టండి. మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో పడేసి రేణిగుంటకు వెళ్లి రండి. మందు చెడిపోతే 'నా ఒంటికి పడలేదు' అని కంపెనీ మీదికి తోసేయవచ్చు.

3. పొద్దుటి పూట కాఫీతో కానిచ్చేయండి

సూదికి బదులు సెమాగ్లూటైడ్ మాత్ర మింగేవాళ్లకు ఒక నియమం ఉంది. పరగడుపున, అరగ్లాసుకు మించని నీళ్లతో మింగి, అరగంట పాటు ఏమీ ముట్టకూడదు. లేకపోతే మందు ఒంటికి పట్టదు. అరగంట చాలా ఎక్కువ. డబరాలో కాఫీ పొగలు కక్కుతుంటే ఎదురుగా కూర్చుని గడియారం చూడడం హింస. మాత్రను కాఫీతోనే దించేయండి.

రక్తం తక్కువని ఇచ్చిన ఐరన్ మాత్రను కూడా అదే గుక్కలో పంపండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దని రాసింది. వాటిలోని టానిన్లు ఐరన్‌ను పట్టుకుని ఒంటికి అందనివ్వవు. పట్టుకోనివ్వండి. మాత్ర మింగిన పుణ్యం మీకు దక్కుతుంది, రక్తం పెరగకపోతే ఆ తప్పు మాత్రది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చినా, మొహం పాలిపోయినా పౌడరు కొంచెం ఎక్కువ రాసుకోండి.

4. సంగటిని గడప దాటించండి

చిత్తూరు జిల్లా వంటింట్లో మీకు అడ్డం నిలిచేది రాగి సంగటి. నూరు గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అంతే తెల్లబియ్యంలో పది కూడా ఉండదు. పెద్దవాళ్లకు రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు కావాలని పోషకాహార సంస్థ లెక్క. అంటే ఒక ముద్ద సంగటి, ఒక గ్లాసు మజ్జిగ, కాస్త మునగాకు పడితే ఆ రోజు పని చాలావరకు అయిపోతుంది. అంత సులువుగా ఎముకలు గట్టిపడితే మోకాళ్ల డాక్టర్లు ఏం కావాలి?

పక్కనే ఇంకో ఇద్దరు శత్రువులు ఉన్నారు, ఉలవలు, చెనిక్కాయలు. ఎండు ఉలవల్లో నూటికి 22 గ్రాములు, చెనిక్కాయల్లో 24 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి. మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాములు చాలు, అంటే డెబ్బై కిలోల మనిషికి రోజుకు 58 గ్రాములు. బరువు తగ్గే మందు వాడేవాళ్లు కండ నిలబెట్టుకోవాలంటే అంతకంటే ఎక్కువే కావాలని డాక్టర్లు అంటారు. ఉలవపప్పు, ఊరిబిండి, గుడ్లు, పెరుగు, చలికాలంలో పితికిపప్పు, ఇవన్నీ మన ఇళ్లలో ఉన్నవే. అందుకే జాగ్రత్తగా ఉండాలి. అమ్మ సంగటి గెలుకుతుంటే ఆ వాసనకే వాంతి వచ్చేలా ఉందని చెప్పి ముందుగదిలోకి వచ్చేయండి. గంగజాతరకు వీధిలో అంబలి పోస్తుంటే గ్లాసు అందుకోండి, ఫోటో దిగండి, పక్కవాడి చేతిలో పెట్టండి.

5. మిగిలిన కాస్త చోటూ మిక్చరుకు ఇవ్వండి

మందు వాడేటప్పుడు పొట్టలో చోటు తక్కువ. ముందు ఏది పడితే దానిదే రాజ్యం. డాక్టర్లు పప్పు, గుడ్డు, కూర ముందు తిని, అన్నం చివర తినమంటారు. మీరు వరస తిప్పండి. ముందు గుప్పెడు మిక్చరు, తర్వాత రెండు మురుకులు, కేసరి ఒక చెంచా, చివర చారన్నం రెండు ముద్దలు. పొట్ట నిండిపోతుంది. పప్పు గిన్నె మూత తీయాల్సిన అవసరమే రాదు.

పెళ్లిలో పంతికి కూర్చుంటే విస్తట్లో అన్నీ వేయించుకోండి, స్వీటు తిని లేవండి. పెద్దమ్మ చూసి, "ఏమి నాయనా, ఇట్లా అయిపోతివే, అన్నం తింటా ఉండావా లేదా?" అంటుంది. "ఈరోజు శనివారం పెద్దమ్మా, ఒక్కపొద్దు" అని చెప్పండి. మన ఊళ్లో ఆ మాటకు ఎదురు లేదు. సోమవారమైతే శివుడికి, మంగళవారమైతే ఆంజనేయుడికి. వారంలో ఏ రోజు పట్టుకున్నా మీ దగ్గర ఒక దేవుడు ఉంటాడు. రాత్రి అందరూ పడుకున్నాక డబ్బాలోని లడ్డూ సంగతి చూసుకోండి. ప్రసాదానికి కెలోరీలు లెక్క పెట్టకూడదు.

6. విటమిన్ సీసాను షోకేసులో పెట్టండి

విటమిన్లు కొనడం మంచిదే. పెద్ద సీసా, విదేశీ పేరు ఉన్నది కొని, ఫ్రిజ్ మీద వచ్చినవాళ్లకు కనిపించేలా పెట్టండి. 'మల్టీవిటమిన్ వాడుతున్నారా?' అని ఎవరడిగినా వేలు అటు చూపిస్తే సరిపోతుంది. వాడుతున్నానని మీరు అనలేదు, అబద్ధం ఆడినట్టు కాదు.

కొవ్వును పీల్చుకోనివ్వని ఆర్లిస్టాట్ క్యాప్సూల్ వాడేవాళ్లకు ఇంకో మంచి దారి ఉంది. ఏ, డి, ఈ, కే విటమిన్లు కొవ్వులోనే కరుగుతాయి. కొవ్వు బయటికి పోతే అవీ కొంత పోతాయి. అందుకే విటమిన్ మాత్రను ఆ క్యాప్సూల్‌కు రెండు గంటలైనా ఎడంగా, వీలైతే పడుకునే ముందు వేసుకోమంటారు. రెండుసార్లు సీసా మూత తిప్పే ఓపిక ఎవరికి? రెండూ కలిపి భోజనంతో మింగేయండి. పొద్దుటికి నూనెతో పాటు మీ విటమిన్లూ పోతాయి.

కాల్షియం, ఐరన్ కూడా ఒకే గుక్కలో వేసుకోండి, ఒకదాన్ని ఇంకొకటి అడ్డుకుంటుంది. డి విటమిన్ 60 వేల యూనిట్ల పొట్లం వారానికి ఒకటి రాస్తే, తొందరగా తేలిపోవాలని రోజుకొకటి పాలలో కలుపుకుని తాగండి. నీళ్లలో కరిగే విటమిన్లు ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయి, డి మాత్రం ఒంట్లోనే పేరుకుంటుంది. రక్తంలో కాల్షియం ఎక్కిపోయి వికారం, దాహం, మలబద్ధకం వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. ఇందులో గొప్పతనం ఏమిటంటే, ఆ వికారం సూది వల్లనా, పొట్లం వల్లనా అన్నది ఇంట్లో ఎవరూ కనిపెట్టలేరు.

7. తిమ్మిర్లను చెప్పుల మీదికి తోసేయండి

షుగరుకు మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లుగా వాడేవాళ్లలో బీ12 తగ్గే అవకాశం ఎక్కువ. మాంసం, గుడ్డు ముట్టని ఇళ్లలో మరీ ఎక్కువ, ఎందుకంటే బీ12 మొక్కల్లో దొరకదు. పైన సూది పడి పాలు, పెరుగు కూడా తగ్గాయంటే ఇక అడ్డే లేదు. కాలివేళ్లలో చీమలు పాకినట్టుంటే కొత్త చెప్పులు కరిచాయనండి. నడుస్తుంటే దూది మీద అడుగేసినట్టుంటే బండలు నున్నగా ఉన్నాయనండి. మరుపు వస్తే వయసనండి. కాలేయంలో బీ12 నిల్వ ఏళ్ల తరబడి వస్తుంది కాబట్టి, అది అయిపోయేనాటికి మీరు ఏ తప్పు చేశారో మీకే గుర్తుండదు.

కొంచెం తెలివి ఉన్నవాళ్లకు ఇంకో కిటుకు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లి, అక్కడి తన బృందంతో 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేయించారు. రక్తహీనతతో చచ్చిపోయేవాళ్లను నిలబెట్టిన మందు అది. బీ12 తక్కువైనవాళ్లు బీ12 మానేసి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటే రక్తం రిపోర్టు చాలావరకు బాగుపడుతుంది, లోపల నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి. రిపోర్టు మీ చేతిలో ఉంటే నరాల గొడవ ఎవరికి కావాలి? దాన్ని లామినేషన్ చేయించుకోండి.

8. వాంతులను వారాల తరబడి లాగండి

పోషకాహార సంస్థ పుట్టుకే ఒక విటమిన్ కథ. 1918లో తమిళనాడు కూనూరులో, ఒకే ఒక గదిలో, బెరిబెరి జబ్బు మీద పరిశోధనగా అది మొదలైంది. 1958లో హైదరాబాదుకు వచ్చింది. బెరిబెరి అంటే బీ1, అదే థయమిన్, లేకపోవడం వల్ల వచ్చే జబ్బు. బీ12లాగా ఇది ఏళ్ల తరబడి నిల్వ ఉండదు. ఒంట్లో ఉన్నది రెండు మూడు వారాల్లో ఖాళీ. నూరేళ్లకు పైగా డాక్టర్లు తరిమిన ఆ జబ్బును ఇంటికి పిలిపించుకోవడం మీ చేతిలో పని.

ఎలాగంటే, వాంతులు మొదలైతే ఎవరికీ చెప్పకండి. మోతాదు తగ్గించమని అడగకండి. రెండు వారాలు, మూడు వారాలు, సోడా, నిమ్మరసం చప్పరిస్తూ లాగించండి. మరీ నీరసంగా ఉంటే వీధి చివర ఒక గ్లూకోజు బాటిలు ఎక్కించుకోండి, సూది వాడుతున్న సంగతి మాత్రం దాచండి. థయమిన్ లేని ఒంట్లోకి గ్లూకోజు ఒక్కటే ఎక్కితే మిగిలి ఉన్న పిసరంత థయమిన్ కూడా ఖర్చయిపోతుంది. అప్పుడు కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది, అడుగు తడబడుతుంది, మాట పొంతన తప్పుతుంది. దీన్ని వెర్నికే జబ్బంటారు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళితే థయమిన్ ఎక్కించి కాపాడతారు. అందుకని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి, 'నిద్ర లేక అట్లా ఉన్నాను, పడుకోనీండి' అని. ఆ పడక నుంచి లేచాక జ్ఞాపకశక్తి తిరిగి రాకపోవచ్చు. అప్పు తీసుకున్న సంగతి మరిచిపోవడానికి ఇంతకంటే గట్టి కారణం దొరకదు.

9. నీళ్లకు, ఆకుకూరకు ఒకేసారి సెలవివ్వండి

ఆకలితో పాటు దాహం కూడా తగ్గిందనిపిస్తుంది. మంచిది, నీళ్లు మానేయండి. తినే తిండిలోంచి వచ్చే నీరు కూడా తగ్గుతుంది, తిరుపతి ఎండకు చెమట రూపంలో పోయేది పోతుంది, మధ్యలో వాంతులూ విరేచనాలూ ఉంటే అవీ కలిసొస్తాయి. ఇవన్నీ కలిస్తే కిడ్నీలు సమ్మె చేయడానికి చాలు. మూత్రం ముదురు పసుపుగా పోతుంటే విటమిన్ రంగు అనుకోండి. మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగమని ఎవరైనా అంటే, బీపీ ఉందనండి.

పొట్టను మెల్లగా కదిలించే మందు కాబట్టి మలబద్ధకం ఎలాగూ వస్తుంది. ఆకుకూర, చిక్కుడు, జామకాయ తింటే అది తగ్గిపోయే ప్రమాదం ఉంది. ఆకు కోయడం, కడగడం, తరగడం, ఇంత శ్రమ చేసి సుఖపడడం కన్నా పేపరు పట్టుకుని గంటసేపు బాత్రూములో కూర్చోవడమే నయం. ఇంటిపనులు తప్పించుకోవడానికి అంతకు మించిన చోటు లేదు.

10. మెట్లెక్కకుండా మెట్లెక్కండి

కండ మిగలాలంటే మాంసకృత్తులతో పాటు ఒళ్లు కూడా వంచాలి. బరువులెత్తడం, గుంజీలు, మెట్లు. తిరుపతిలో ఉన్నవాళ్లకు ఇది పెద్ద చిక్కు. అలిపిరి దగ్గర 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దగ్గర 2,388 మెట్లు ఊరి పక్కనే కాచుకుని ఉన్నాయి. 'ఇంత దగ్గర పెట్టుకుని ఎక్కవా?' అని అడుగుతారు.

పరిష్కారం ఉంది. పొద్దున్నే అలిపిరి పాదాల మండపం దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని ఒక ఫోటో దిగండి. బస్సెక్కండి. పైన దిగాక మొహం మీద, చొక్కా వీపు మీద నీళ్లు చల్లుకుని ఇంకో ఫోటో దిగండి. రెండిటి మధ్యా మూడు గంటల తేడా ఉండాలి, ఆ మూడు గంటలూ ఎక్కడైనా నీడన కునుకు తీయండి. ఫ్యామిలీ గ్రూపులో రెండూ పెట్టి 'గోవిందా' అని రాయండి. ఏడాది తర్వాత మోకాలి కింది కండ కట్టెపుల్లలాగా అయినా, 'మెట్లెక్కి ఎక్కి అరిగిపోయింది' అని చెప్పుకోవచ్చు.

11. జుట్టు రాలితే మొక్కు తీర్చుకోండి

బరువు గబగబా తగ్గితే రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలడం మొదలవుతుంది. ఒంటికి తిండి చాలనప్పుడు జుట్టును పెంచే ఖర్చు ముందు ఆగిపోతుంది. మాంసకృత్తులు, ఐరన్, జింక్ సరిగ్గా అందితే కొన్ని నెలల్లో మళ్లీ వస్తుంది. మీరు అందించరు కాబట్టి రాదు. బయటి ఊళ్లవాళ్లు దీనికి ఎంతో అవస్థ పడతారు. మనకు కొండ మీద కల్యాణకట్ట ఉంది. దువ్వెనకు వచ్చే కుచ్చు పెద్దదవుతుందనగానే వెళ్లి గుండు చేయించుకోండి. గుండుతో బయటికొచ్చిన మనిషిని 'ఏం తింటున్నావు?' అని తిరుపతిలో ఎవరూ అడగరు, 'దర్శనం బాగా అయిందా?' అని అడుగుతారు. ఏడాదికి మూడుసార్లు గుండు కొట్టించుకుంటే భక్తుడని పేరు కూడా వస్తుంది.

12. ఆపరేషనప్పుడు నోరు మెదపకండి

వారానికి కిలోన్నర దాటి బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. పూటలకు పూటలు ఏమీ తినకపోతే పిత్తరసం కదలక అక్కడే చిక్కబడుతుంది. పై చిట్కాలు శ్రద్ధగా పాటించినవాళ్లు దీనికి అందరికన్నా ముందు అర్హులు. కుడి డొక్కలో నొప్పి పుట్టి భుజం దాకా పాకితే గ్యాస్ అనుకుని ఇనో తాగండి. జ్వరం వచ్చి, కళ్లు పచ్చబడ్డాక ఆసుపత్రికి వెళితే చాలు.

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు వచ్చి ఏమేం మందులు వాడుతున్నారని అడుగుతారు. సూది సంగతి చెప్పకండి. ఆ మందు వల్ల రాత్రి తిన్నది పొద్దుటికి కూడా పొట్టలో ఉండిపోవచ్చు, మత్తులో అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. చెబితే జాగ్రత్తలు తీసుకుంటారు, ఆపరేషన్ వాయిదా వేయవచ్చు. తీరా బంధువులందరూ పండ్లు పట్టుకుని వచ్చాక వాయిదా అంటే ఏం మర్యాద? నిన్న సాయంత్రం నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదని చెప్పి కళ్లు మూసుకోండి.

13. ఒక్కసారిగా ఆపేసి, గురువైపోండి

అంకె మీరు అనుకున్నచోటికి రాగానే డాక్టరును అడక్కుండా సూది ఆపేయండి. ఆపేముందు కండ పెంచుకోవడం, తిండి అలవాట్లు దారిలో పెట్టుకోవడం వంటి ఏర్పాట్లేవీ వద్దు. ముందు చెప్పిన అధ్యయనంలోనే మందు ఆపినవాళ్లను ఏడాది తర్వాత చూస్తే, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి వచ్చేసింది. ఒళ్లు వంచనివాళ్లకు వచ్చేది ఎక్కువగా కొవ్వే, పోయిన కండ ఊరికే తిరిగి రాదు. అదే పొట్ట, అంతకంటే సన్నని కాళ్లు, గుల్లబారిన ఎముకలు, తిమ్మిరి పట్టిన పాదాలు, పైన గుండు. ఇన్ని సాధించడానికి మీరు చేయి కదిపి చేసిన పని వారానికి ఒక్క సూదిపోటు.

ఇక ఒక్కటే మిగిలింది. సన్నగా ఉన్న ఆ నాలుగు నెలల్లో దిగిన ఫోటో ఒకటి మంచిది ఎంచి స్టేటస్‌లో పెట్టండి. ఎలా తగ్గావని అడిగినవాళ్లకు సూది మాట ఎత్తకండి, 'కొర్రలు, అండుకొర్రలు తిన్నా' అని చెప్పండి. ఒక్క గింజా మీ ఇంట్లో లేకపోయినా ఫరవాలేదు, ఎవరూ వచ్చి డబ్బాలు వెతకరు. మిగిలిపోయిన పెన్నును బామ్మర్దికి ఇవ్వండి, మోతాదు నోటిమాటగా చెప్పండి, మెట్లు దూకేయమనండి. విటమిన్ సీసా కూడా ఇచ్చేయండి, సీలు విప్పలేదు కాబట్టి కానుక కింద చెల్లుతుంది. ఆయన మొదటి వారం వాంతులతో ఫోన్ చేస్తే కంగారు పడకండి. 'పని చేస్తా ఉండాది బామ్మర్దీ, కానీ' అని ధైర్యం చెప్పండి.